నడుమ పేజీలు లేని నవల

మొన్న క్యాంపస్‌లో ఒక పరిశోధక విద్యార్థిని సెమినార్ పత్రం చదివింది. ఒక పాత నవలలో చిన్నపిల్ల పాత్ర ఎలా ఎదిగిందన్నది విషయం. చదవడం అయ్యాక నా వైపు తిరిగి, "మేడం, ఈ పిల్ల ఏ చాప్టర్‌ల పెద్దగైందంటరు?" అని అడిగింది. ఇన్నేళ్ళుగా ఆ నవల పాఠం చెబుతున్నదాన్ని, జవాబు కోసం తడుముకోవాల్సిన పని లేదు. అయినా, టీ వేళయిందని చెప్పి తప్పించుకున్నాను.

ఆ నవల నేను మొదటిసారి చదివింది తార్నాకలో, మా అద్దె ఇంట్లో. అప్పట్లో ఒక వారపత్రిక దాన్ని మళ్ళీ సీరియల్‌గా వేసేది. అయిపోయాక బైండు చేయించాలని అమ్మ ప్రతివారం ఆ పేజీలు జాగ్రత్తగా చించి దాచేది. మధ్యలో ఆమె ఆస్పత్రి పాలైంది. ఆ రెండు నెలలూ పత్రిక కొనాలన్న ధ్యాస ఇంట్లో ఎవరికుంటుంది? అమ్మ పోయాక నాన్న, ఆ ఊసే ఎత్తకుండా, మళ్ళీ కొనడం మొదలుపెట్టాడు. సీరియల్ ముగిశాక ముషీరాబాద్‌లో బైండు చేయించి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అందులో పిల్ల ఒక పేజీలో జామచెట్టెక్కి కాళ్ళూపుతూ ఉంటుంది. పేజీ తిప్పితే బొడ్లో తాళాల గుత్తి దోపుకుని పాలవాణ్ణి దబాయిస్తూ ఉంటుంది. నడుమ ఏం జరిగిందో లేదు. పదకొండేళ్ళ నాకు అది లోపమని తోచలేదు. ఎదగడమంటే అంతే, రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి అయిపోతుందనుకున్నాను. రోజూ లేవగానే అద్దంలో చూసుకునేదాన్ని. లాభం లేకపోయింది. సరే, పెద్దవాళ్ళ పనులు చేస్తే పెద్దరికం దానంతటదే వస్తుందని, పాలల్లో నీళ్ళెక్కువయ్యాయంటూ ఒకరోజు మా పాలాయన మీద గయ్యిమన్నాను. "ఏంది బిడ్డా, గింత కోపం? పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అన్నాడాయన. నిజంగానే తినలేదు. గిన్నె గుమ్మంలోనే వదిలేసి లోపలికెళ్ళి ఏడ్చాను.

ఎం.ఎ.లో చేరాక క్యాంపస్ లైబ్రరీలో పూర్తి నవల దొరికింది. మా పుస్తకంలో లేని అధ్యాయాలన్నీ అలమారా దగ్గర నిలబడే చదివేశాను. ఆ పిల్ల అన్నం మాడబెట్టింది. జడ వేసుకోవడం రాక దువ్వెన విసిరికొట్టింది. పండక్కి కొత్త గౌను వద్దని మొండికేసి, మర్నాడు అదే కావాలని ఏడ్చింది. నేను పడ్డవన్నీ తనూ పడింది. ఉండబట్టలేక ఇంటికి పరుగెత్తి నాన్నకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"నాకెర్కనే బిడ్డా. గవన్నీ గీ ఇంట్లనే చూసిన గద," అన్నాడు.

ఆ మాటతో నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఒంటరిగా పెరిగాననుకున్నదాన్ని, ఒక మనిషి కళ్ళముందే పెరిగానన్నమాట. మాడిన అన్నం మెచ్చుకుంటూ తిన్నదీ ఆయనే, నా వంకర జడను చూసి నవ్వాపుకున్నదీ ఆయనే.

నాన్న కిందటేడు పోయాడు. ఇప్పుడు తార్నాకలోనే ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. సాయంత్రాలు గడవడం కష్టంగా ఉంటోంది. నవలలో పిల్ల ఎదగడాన్ని చూడ్డానికి ఏటా కొత్త పిల్లలు వచ్చి బెంచీల్లో కూర్చుంటారు. వాళ్ళ లెక్కన నేను పుట్టుకతోనే మేడంని. చిన్నప్పుడు మనల్ని చూసిన ఆఖరి మనిషి పోయిన రోజునే మన చిన్నతనం నిజంగా అయిపోతుందని, ఇంత వయసొచ్చాక తెలిసింది.