నాలుగో జింకను వదిలేశాను

ఈ ఉదయం కాఫీ తాగుతుండగా మా బావమరిది వీడియో కాల్ చేశాడు. ఫోన్‌లో ముందుగా కనిపించింది ఒక జింక మూతి. పై దవడ పొట్టిగా ఉంది, కింది పళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. "చూశావా బావా? గడ్డి కొరకలేదిది. ఎముకలే మిగిలాయి. ఈ సీజన్‌లో ఇది మూడోది."

మా ఆవిడ తమ్ముడు ఈ దేశం వచ్చాకే వేట నేర్చుకున్నాడు. నేను మాంసం ముట్టను. అయినా పదిహేనేళ్లుగా ప్రతి నవంబరులోనూ మా ఊరు నేపర్‌విల్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ అతనితో వెళ్తున్నాను. అతనూ అతని స్నేహితులూ చెట్లలో కాపు కాస్తుంటే నేను కార్‌లో హీటర్ వేసుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. తెచ్చిన జింకను కాటాకు వేలాడదీశాక దాని బరువు, వయసు, కొమ్ముల కొనలు డైరీలో రాసేది నేనే. "జింకలకి కూడా అప్రైజల్ ఇస్తావేంటి బావా!" అని ఏడిపించేవాడు.

వికారంగా ఉన్న జింక మొదటిసారి దొరికిన రోజు నాకు బాగా గుర్తు. ఒక కొమ్ము కంటి మీదికి వేలాడుతోంది. ముందుకాళ్ల గిట్టలు పొడుగ్గా పెరిగి మెలితిరిగాయి. అందరూ చుట్టూ మూగి నవ్వారు, కాసేపటికి ఎందుకో ఆపేశారు.

"వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ ఏమన్నాడు?" అని ఫోన్‌లో అడిగాను.

"ఒకటీ అరా ఎప్పుడూ ఉంటాయట. ఏటేటా పెరుగుతున్నాయని రికార్డ్ చూపిస్తేనే మాంసాన్ని టెస్ట్ చేయిస్తారట. నీ డైరీలున్నాయిగా బావా! ఫ్రీజర్ నిండా ఈ మాంసమే. నా పిల్లలు పుట్టినప్పటి నుంచి తింటున్నదీ ఇదే."

అతన్ని లైన్‌లోనే ఉంచి డైరీలన్నీ దించాను. ఆ మొదటి రోజు పేజీలో మంచు మొదలైన సమయం ఉంది, పులిహోరలో ఉప్పు తక్కువైందన్న ఫిర్యాదు ఉంది. చివర ఇలా ఉంది: "మూడు తూచాను. నాలుగోది వదిలేశాను." ఆ నాలుగోదే ఆ వికారపు జింక. ముప్ఫై ఏళ్లు ల్యాబ్‌లో రీడింగులు రాసినవాణ్ణి. మిగతావాటితో పొసగనిది సగటును పాడుచేస్తుందని పక్కన పెట్టడం నా అలవాటు. తర్వాతి ఏళ్లలోనూ అంతే. ఒకటి వదిలేశాను, రెండు వదిలేశాను. దారిలో కారు గుద్దిన జింకల్నీ అలాగే వదిలేశాను. ఏది ఎందుకు వదిలేశానో ఎక్కడా లేదు.

"గుర్తున్నంత ఇప్పుడు రాసెయ్ బావా. ఎవరికి తెలుస్తుంది?"

పెన్ను తీశాను కూడా. మొదటిది కళ్లకు కట్టినట్టుంది. తర్వాతవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏ ఏడు ఎన్ని వచ్చాయో చెప్పలేను.

"నావల్ల కాదయ్యా" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు. నన్నింకా ఏడిపించి ఉంటే బాగుండేది.

పదిహేనేళ్లూ అరలో భద్రంగా ఉన్నాయని నమ్ముతూ వచ్చాను. అడిగిననాడు తీసి చూస్తే, పిల్లలకు అవసరమైన రోజులను మాత్రం ఆ మంచులోనే వదిలేసి వచ్చానని తెలిసింది.