వెనక సీటుకి చేరిన మాట

శబ్దం కొలిచే గదిలో అందరికన్నా ఎక్కువ మర్యాద ఎవరికంటే, బావగారికి. రబ్బరు చెవులు, చెవుల్లో మైకులు, నడుం దాకా ఒళ్ళు, అంతే ఆయన. కారు సీట్లో కూర్చోబెడితే స్పీకర్ల శబ్దం ఏ చెవికి ఎంత చేరిందో చెప్పే బొమ్మ. ఉలకరు, పలకరు, పెళ్ళిలో అలిగిన చుట్టంలా బిగుసుకుని కూర్చుంటారు. అందుకే ఆ పేరు. పెట్టింది మన కోడలే.

కోడలని ఎందుకంటున్నానంటే, ఈవిడ ఎంత చదివినా, ఎన్ని కార్లకి స్పీకర్లు తయారుచేసినా, తన గురించి చెప్పమంటే ముందు అత్తగారి సంగతే ఎత్తుకుంటుంది. మరి ఎత్తుకోదా! పాప పుట్టాక ఉద్యోగం మానేస్తానని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "మానేసి ఏం చేస్తావు, నా మొహం చూస్తూ కూర్చుంటావా? వెళ్ళు, పిల్లని నేను చూసుకుంటా" అని చంటిదాన్ని చంకనేసుకున్న మనిషి ఆవిడ. జ్వరాలు, మారాములు, బడికి దిగబెట్టడాలు, అన్నీ ఆవిడే చూసుకున్నారు. అంతకుముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. "హలో" అంటే చాలు, అవతల ఎవరో, వాళ్ళింట్లో ఆ పూట ఏం గొడవో కూడా చెప్పేసేవారట.

అలాంటి చెవులు మొరాయించాయి. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే చెవికి మిషను పెట్టుకుని ఎలాగో నెట్టుకొస్తారు. కారెక్కితే మాత్రం ఆ దిక్కుమాలిన మిషను మాటని వదిలేసి చక్రాల రొదని పెద్దది చేస్తుంది. ముందు సీట్లో వాళ్ళ పెదవులు కనపడవు. దాంతో ఎవరేమన్నా ఒక చిరునవ్వు, ఒక తలూపు. కొన్నాళ్ళకి అదీ పోయి, "మీరు వెళ్ళిరండి, నాకు మోకాళ్ళ నొప్పి" అని ఇంట్లోనే ఉండిపోవడం మొదలుపెట్టారు. ఆ మోకాళ్ళకి ఏ రోగమూ లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఒకరోజు డాక్టరు దగ్గర్నుంచి ఆవిణ్ణి తీసుకొస్తూ, ఏళ్ళ తరబడి మనసులో దాచుకున్న మాటని కోడలు బయటపెట్టేసింది. "అత్తయ్యా, మీరు లేకపోతే నేను ఈ ఉద్యోగం చేసేదాన్నే కాదు." ఎదురుగా నిలబడి అనాలంటే సిగ్గు. రోడ్డు మీద చూపు పెట్టి అనడం తేలిక. తీరా అద్దంలో చూస్తే, అదే చిరునవ్వు, అదే తలూపు. కోడలికి ప్రాణం ఉసూరుమంది. ఇల్లు చేరేలోపు ఒకటి మాత్రం తేల్చుకుంది. ఏం చేసైనా సరే, ఈ మాట వెనక సీటుకి చేరాలి.

మామూలుగా కారు స్పీకర్లు తలుపుల్లో కింద ఉంటాయి. "మనం పాటలన్నీ మోకాళ్ళకి వినిపిస్తున్నాం" అని ఆఫీసులో ఎప్పుడూ దెప్పుతూనే ఉండేది. ఈసారి వెనక సీటు తలదిండులో చిన్న చిన్న స్పీకర్లు వరసగా పేర్చింది. అవన్నీ ఒక్కసారి కాకుండా రవ్వంత తేడాతో మోగితే, శబ్దం కారంతా చెదిరిపోకుండా కావలసిన చెవి వైపే మళ్ళుతుంది. డ్రైవరు దగ్గర ఒక మైకు పెట్టింది. ముందు అన్న మాట తిన్నగా వెనక కూర్చున్నవాళ్ళ ఎడమచెవికి వెళ్ళాలి. బావగారిని కూర్చోబెట్టి కొలిస్తే, అబ్బో, అక్షరం అక్షరం గంట కొట్టినట్టు చేరింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక ఆగుతుందా! అత్తగారిని బతిమాలి, బామాలి, ఆఫీసు వెనక కార్లు నడిపి చూసే రోడ్డు మీదకి తీసుకొచ్చింది. కారు జోరందుకోగానే అడిగింది. "వినపడుతోందా అత్తయ్యా?"

చిరునవ్వు. తలూపు. "బాగుందమ్మా."

ఆ తలూపు కోడలికి తెలియదూ! కారు పక్కకి ఆపి వెనక్కి తిరిగింది. తిరిగి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అత్తగారు రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, ఒళ్ళంతా ముందుకి వంచి, ఎడమచెవి అటు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తలకీ తలదిండుకీ మధ్య మూరెడు ఖాళీ. ఇంతసేపూ స్పీకర్లు మాట్లాడింది ఆ ఖాళీతోనే.

"నా బుర్ర తగలెయ్య!" అని కోడలు నెత్తిన కొట్టుకుంది. "వినపడనివాళ్ళు వెనక్కి వాలి కూర్చుంటారా? ముందుకే కదా వంగుతారు!"

"ఏమయిందే? నేనేమైనా పాడుచేశానా?" అన్నారు అత్తగారు కంగారుగా.

కోడలు వెనక్కి వంగి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎడమచెవి దగ్గర గట్టిగా చెప్పింది. "మీరు బాగుచేశారు అత్తయ్యా."

మర్నాడు బావగారి నడుం వంచారు. వీపు వెనక దిండ్లు కుక్కుతూ పక్క టేబులు ఇంజనీరు, "ఇన్నాళ్ళకి ఈయనకి వినయం వచ్చింది" అన్నాడు. ముందు సీటుకి పైన, కారు కప్పులో ఇంకో వరస స్పీకర్లు పెట్టారు. తల ఎక్కడుందో కనిపెట్టే చిన్న కెమెరా ఒకటి. మనిషి ముందుకి వంగితే కప్పు వరస మాట్లాడుతుంది, వెనక్కి వాలితే తలదిండు అందుకుంటుంది. ఇదంతా అత్తగారి కోసమని తెలిసి, ఎవ్వరూ విసుక్కోకుండా ఆమెతోపాటే కష్టపడ్డారు. వాళ్ళ మేలు మరచిపోలేనని ఇప్పటికీ అంటుంది.

అన్నీ సిద్ధమయ్యాక అత్తగారు మొరాయించారు. "ఎందుకే, మళ్ళీ నన్ను చూసి మీవాళ్ళు జాలిపడతారు."

"ఒక్కసారి రండి అత్తయ్యా. ఇది నాకోసం."

కారు కదిలింది. చక్రాల రొద మొదలైంది. అత్తగారు అలవాటుగా ముందు సీటు పట్టుకుని వంగారు. కోడలు గొంతు పెంచలేదు. మామూలుగా, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు అంది.

"అత్తయ్యా, మీరు లేకపోతే నేను ఈ ఉద్యోగం చేసేదాన్నే కాదు."

అద్దంలో చూసింది. చిరునవ్వు లేదు. తలూపూ లేదు. ముందు సీటు మీద చేతులు మెల్లగా వదులయ్యాయి. అత్తగారు నిదానంగా వెనక్కి వాలి, తలదిండుకి తల ఆనించారు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

కోడలు కంగారుగా అడిగింది. "వినపడలేదా అత్తయ్యా?"

"వినపడింది. అందుకే."

కోడలు మళ్ళీ చెప్పింది.