దీనమ్మ అధ్యాయం

మట్టల ఆదివారం మర్నాడు పొద్దున సైమన్ ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, జాస్మిన్ దిద్దడానికి తెచ్చుకున్న పిల్లల ప్రాజెక్టులు తిరగేస్తూ నిలబడ్డాడు. జాస్మిన్ చందానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది. తొమ్మిదో తరగతి వాళ్ళను మూసీ నది గురించి రాసుకురమ్మంది. అందరూ రాసుకొచ్చారు. అందరి చివరి పేజీలోనూ ‘ఆధారం: గూగుల్’ అని ఉంది.

“ఏమండీ, రైలు పోతుంది.”

“పోనీ. ఇంకోటి వస్తుంది.”

“ఇంకోటి ఎప్పుడొస్తుందో రైల్వేవాళ్ళకే తెలీదు.”

సైమన్ పెన్సిలు అందుకుని పైనున్న ప్రాజెక్టులో ‘గూగుల్’ అన్నమాట కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో రాశాడు: ‘గూగుల్ చూపిస్తుందమ్మా, చెప్పదు. చెప్పిందెవరో రాయి.’ తరవాత రెండో బూటు తొడుక్కున్నాడు. జాస్మిన్ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది.

“పుదీనా పచ్చడి పెట్టాను. అరుగుదలకి మంచిదట.”

“ఎవరన్నారు?”

“జయమ్మ పిన్ని.”

“ఏ సంవత్సరం? ఎన్నో పేజీ?”

“పోదురూ.”

వాళ్ళ పెళ్ళయిన కొత్తలోనే మొదలైన ఆట అది. ఆ ఇంట్లో ఎవరేమన్నా ఎవరు చెప్పగా విన్నారో చెప్పాల్సిందే. నవ్వుకుంటూ మెట్లు దిగాడు. హఫీజ్‌పేట్‌లో రైలెక్కాడు. హైటెక్ సిటీ స్టేషన్లో దిగి బయటికి నడుస్తూ, ఎవరో పిలిచినట్టు ఆగి, అక్కడి సిమెంటు బల్ల మీద కూర్చున్నాడట. గుండె. జాస్మిన్ ఆసుపత్రికి చేరేసరికి టిఫిన్ డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.

సైమన్‌ది బాపట్ల పక్క పల్లె. హైదరాబాద్ వచ్చి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. పిల్లలు తగ్గి ఆ కాలేజీ మూతపడ్డాక మాదాపూర్‌లో ఒక ఆఫీసులో చేరాడు. కింద ఆడపిల్లల హాస్టల్, పైన ఈ ఆఫీసు. ఏ గదిలో కూర్చున్నా సాంబారు వాసన. విదేశాల్లో చదువుకునే పిల్లలు రాసిన వ్యాసాలు ఇక్కడికొస్తాయి. మార్జిన్లు సరిచేయాలి. శీర్షికలు వరసలో పెట్టాలి. ఏ మాట ఏ పుస్తకంలోదో వాళ్ళ విశ్వవిద్యాలయం అడిగిన పద్ధతిలో చివర కూర్చాలి. ఇంటిపేరు ముందు, తరవాత కామా, తరవాత పొడి అక్షరాలు, బ్రాకెట్లో సంవత్సరం. సైమన్ కొత్తవాళ్ళకు ఇవన్నీ నేర్పేవాడు. ఈ మధ్య మరో తలనొప్పి మొదలైంది. వ్యాసం చివర చక్కగా ముప్పై పుస్తకాల పేర్లుంటాయి. వెతికితే సగం పుస్తకాలు ఈ లోకంలో ఉండవు. యంత్రం కల్పించి ఇచ్చిన పేర్లు. సైమన్ వాటికి పసుపు రంగు పూసి తిప్పి పంపేవాడు.

“సైమన్ గారూ, మన పని కామాలు చూడటమండీ. పుస్తకాలు చూడటం కాదు,” అనేవాడు మేనేజరు ఉదయ్ భాస్కర్.

“లేని పుస్తకానికి కామా ఎక్కడ పెట్టమంటారు?”

“పేరు తరవాతే పెట్టండి. ఎక్కడైనా అంతేగా.”

ఆయన చెడ్డవాడేం కాదు. నెల మొదట్లో జీతం వేసేవాడు, క్రిస్మస్‌కి కేకు తెప్పించేవాడు. సైమన్‌ని వదులుకోవడం మాత్రం ఆయనకిష్టం లేదు.

సైమన్ వదిలిపోవడానికే చూస్తున్నాడు. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ రాస్తున్నాడు. బైబిలమ్మల మీద. పాత రోజుల్లో మిషన్ తరఫున పల్లెపల్లెకూ నడిచి ఆడవాళ్ళకు అక్షరాలూ వాక్యమూ నేర్పిన స్త్రీలు వాళ్ళు. అందులో మూడో అధ్యాయం మొత్తం ఆయన నాయనమ్మ దీనమ్మ గురించి. ఆమె మంచం పక్కన కూర్చుని విన్నవి, తరవాత చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి సరిచూసుకున్నవి. గడువు పొడిగించి, మళ్ళీ పొడిగించి, చివరికి విశ్వవిద్యాలయం ఇంకిదే ఆఖరంది. జూన్ దాటితే పేరు కొట్టేస్తారు. పటాన్‌చెరు వైపు ఒక కాలేజీ ప్రిన్సిపాల్, పట్టా చేతికి రాగానే వచ్చి చేరమన్నాడు. మళ్ళీ తరగతి గది, నల్లబల్ల, ఎదురుగా పిల్లలు. ఆ మాట చెప్పినరోజు సైమన్ వంటింట్లోకొచ్చి, చపాతీ పిండి కలుపుతున్న జాస్మిన్ ముందు నిలబడి హాజరు పట్టీ చదివినట్టు లేని పిల్లల పేర్లన్నీ పిలిచాడు.

నవంబరులో ఆ పొరపాటు జరిగింది. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వ్యాసం అందులో వేస్తే, అది తన గోదాములో ఉన్న కోటానుకోట్ల పేజీలతో పోల్చి, నూటికి ఇంత పాతదేనని చెబుతుంది. వేసిన ప్రతిదాన్నీ అది దాచుకుంటుంది కూడా. దాచుకోవద్దంటే వేసే ముందు ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. ఆఫీసులో చేరినవాళ్ళకు సైమన్ మొదటిరోజు చెప్పే మొదటి మాట అదే. మన దగ్గరికొచ్చిన వ్యాసం గోదాములోకి పోయిందంటే, రేపు ఆ పిల్లవాడు తన కాలేజీలో ఇచ్చినప్పుడు తన వ్యాసానికి తానే దొంగవుతాడు, జాగ్రత్త.

ఒకరోజు భోజనాల వేళ, అందరూ కిందికి వెళ్ళాక, సైమన్ తన సిద్ధాంతగ్రంథం ఐదు అధ్యాయాలూ అందులో వేసి చూసుకున్నాడు. నూటికి నాలుగు. సంతోషంతో డబ్బా మూత కూడా తీయకుండా జాస్మిన్‌కి ఫోన్ చేశాడు. ఆ గడిలో టిక్కు పెట్టలేదు.

డిసెంబరులో విశ్వవిద్యాలయం వాళ్ళు అదే గ్రంథాన్ని అదే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. నూటికి తొంభై పైన. ఎక్కడో ఒక సంస్థ నుంచి ఇంతకుముందే దాఖలైనదని వచ్చింది.

గైడు రాజరాజేశ్వరి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఇది మీదేనని నాకు తెలుసు సైమన్. నేను చదువుతుండగానేగా రాశారు. కానీ ఆ అకౌంటు ఎవరిదో వాళ్ళు రాసివ్వాలి. లేదా దాన్ని తీయించాలి. రెండూ కాకపోతే పది శాతానికి దించి తీసుకురండి.”

“దించడమంటే?”

“మార్చి రాయడమే. మీకు నేను చెప్పాలా?”

సైమన్ మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఉదయ్ భాస్కర్ చాలాసేపు కుర్చీలో అటూఇటూ తిరిగాడు.

“నేనెలా రాసిస్తానండీ? ఆ అకౌంటు మనది కాదుగా. ఏదో కాలేజీవాళ్ళది, తెలిసినవాళ్ళ ద్వారా వాడుకుంటున్నాం. తీయమని అడిగితే ఎందుకు వేశారంటారు.”

“నా పుస్తకం సార్ అది.”

“కాదన్నానా? వచ్చేవారం ఎవరితోనైనా మాట్లాడిస్తాను. ఒక్కమాట. ఈ సంగతి స్టాఫ్‌లో ఎవరి చెవినా వేయకండి. అకౌంటు గొడవ బయటపడితే అందరం రోడ్డు మీదికొస్తాం.” తరవాత నవ్వాడు. “అయినా ఊళ్ళోవాళ్ళ వ్యాసాలన్నీ మార్చిపెడతారు. మీది మీరు మార్చుకోలేరా?”

ఎవరికీ చెప్పొద్దని ఆయన అననక్కర్లేదు. ఆ గడి గురించి అందరికీ పాఠం చెప్పిన మనిషి, తానే మరిచిపోయానని ఎవరితో చెప్పుకుంటాడు? జాస్మిన్‌కి కూడా వారం దాటాక చెప్పాడు.

“ఆ ఉద్యోగం మానేయండి,” అంది ఆమె.

“మానేస్తే ఆ తలుపు కూడా మూసుకుంటుంది. తీయించగలిగింది ఆయనొక్కడే.”

“తీయించకపోతే?”

“వచ్చేవారమన్నాడుగా.”

వచ్చేవారం వచ్చింది. ఇంకో వచ్చేవారమూ వచ్చింది. తలుపు దగ్గర సైమన్ కనబడగానే ఉదయ్ భాస్కర్ ఫోను చెవికి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పట్టా లేకపోతే కాలేజీ లేదు. ఈ ఆఫీసు వదిలితే పట్టా లేదు. ఆఫీసులో ఉండాలంటే లేని పుస్తకాలకు కామాలు పెట్టాలి. జనవరి వచ్చేసరికి పసుపు రంగు పూయడం మానేశాడు. అడిగి సాధించాల్సిన పని మేనేజరు చేతిలో ఉండగా ఆయనతో తగువెందుకనుకున్నాడు. పక్క సీటు మహేశ్‌ది సంగారెడ్డి. అతను ఈ మార్పు కనిపెట్టాడు.

“ఏంది సార్, గిట్లయిపోయిన్రు? ఇదివరకు పుస్తకం లేకుంటే మమ్మల్ని కొట్టినంత పని చేస్తుంటిరి. జర కిందికి పోయి చాయ్ తాగుదాం రాండ్రి.”

“నువ్వు పో మహేశ్. నాకు పనుంది.”

“పని ఎప్పుడుండది సార్?”

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక సైమన్ మార్చి రాయడం మొదలుపెట్టాడు. ఒకసారి జరిగిన పొరపాటు భయంతో ఆ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ వేసి చూసుకోలేదు, పేజీలు లెక్కపెట్టుకునేవాడు. మొదటి అధ్యాయం ఆ నెలలోనే అయింది. అది మిషన్ల చరిత్ర, తేదీలూ పేర్లూ. మార్చినా పెద్దగా నొప్పి తెలియలేదు. రెండోది ఫిబ్రవరి సగానికి పూర్తయింది. ఈస్టరుకు ముందు జరిగే శ్రమకాల కూటాలు మొదలైన వారంలో మూడోదానికొచ్చాడు.

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. జాస్మిన్ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఒక సాయంత్రం తెర ఆమె వైపు తిప్పాడు. రాసింది ఇంగ్లీషులోనే అయినా ఇద్దరూ దాన్ని తెలుగులోనే చెప్పుకునేవాళ్ళు. పాత వాక్యం ఇది: ‘దీనమ్మ చెప్పులు చేత పట్టుకుని ఊరు దాటేది. దాటాక తొడుక్కునేది.’ దాని కింద కొత్తది: ‘స్థానిక సామాజిక పరిస్థితుల దృష్ట్యా సదరు ప్రచారకురాలు పాదరక్షల వినియోగమును గ్రామ పరిధి వెలుపలికి పరిమితము చేసుకొనియుండిరి.’

జాస్మిన్ పక్కున నవ్వింది. “ఎవరండీ ఈవిడ? కలెక్టరా?”

“మా నాయనమ్మ.”

ఆమె నవ్వు ఆగిపోయింది. సైమన్ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. “బాగా వచ్చింది కదూ? దీన్ని ఏ గోదామూ పట్టుకోలేదు,” అని తరవాతి వాక్యానికి వెళ్ళాడు.

“ఆ ఒక్క అధ్యాయం వదిలేసి మిగతావి మార్చండి.”

“లెక్క చూశాను. ఇది వదిలితే పదికి దిగదు. ఎక్కువ రాసింది దీని మీదే.”

దీనమ్మ మాటలకు మరో చిక్కు కూడా ఉంది. ఆమె నోటితో చెప్పినవాటిని కొటేషన్లలో ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు. ‘అక్షరం నేర్పినింట్లో మంచినీళ్ళు అడగలేదు నాయనా, అడిగితే మళ్ళీ రానివ్వరని.’ ఒకరి మాట మార్చకూడదు. మారిస్తే అబద్ధ సాక్ష్యమవుతుంది. అది ఆయన నేర్పిన నియమాల్లోదే. అందుకని కొటేషన్లు తీసేసి, ఆమె చెప్పినదాన్ని తన మాటల్లో చెప్పి, ఆ మాటల్ని మళ్ళీ మార్చాడు. ఒక్కో పేజీ అయ్యేకొద్దీ ఆ ముసలావిడ గొంతు వెనక్కి వెనక్కి పోయింది. మార్చి నెల చివరికి మూడో అధ్యాయంలో దీనమ్మ పేరు మిగిలింది. దీనమ్మ లేదు.

ఆ శనివారం రాత్రి భోజనం దగ్గర, “మూడోది పూర్తయింది,” అన్నాడు. అన్నంలో వేళ్ళు పెట్టి అలాగే కూర్చున్నాడు. మర్నాడు మట్టల ఆదివారం. చర్చిలో ఈతమట్ట చేత పట్టుకుని అందరితో పాటు నడిచాడు, పాట పాడలేదు. ఆ మర్నాడు బల్ల దగ్గర నిలబడి, మూసీ ప్రాజెక్టులో పెన్సిలుతో ఆ మాట రాశాడు.

సైమన్‌ని సమాధి చేశాక ఆదరణ కూడిక ఇంటి కిందున్న పార్కింగ్‌లోనే పెట్టారు. పాస్టరుగారి వాక్యం అయ్యాక ఉదయ్ భాస్కర్ జాస్మిన్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. “మంచి మనిషండీ,” అన్నాడు, భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. మహేశ్ వడ్డన గిన్నె అందుకుని వరసల్లో తిరిగాడు. వాళ్ళతో వచ్చిన ఒకమ్మాయి మాత్రం జాస్మిన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. పేరు భానుశ్రీ. ఆఫీసులో కంప్యూటర్లూ అకౌంట్లూ ఆ అమ్మాయే చూస్తుంది. పని సైమన్ దగ్గరే నేర్చుకుంది.

“సార్ థీసిస్ ఇచ్చేశారా మేడమ్? ఎప్పుడడిగినా నవ్వి ఊరుకునేవారు.”

ఇంక దాచాల్సిందేముంది? జాస్మిన్ మొదటినుంచీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళ, మరిచిపోయిన గడి, తొంభై శాతం, వచ్చేవారాలు, మార్చిన అధ్యాయాలు. భానుశ్రీ వింటూ వింటూ చేతిలో కంచం కింద పెట్టింది.

“ఏ అకౌంట్ మేడమ్? పాతదా?”

“ఏదో కాలేజీవాళ్ళదన్నారు.”

“అది లేదు మేడమ్. ఆ కాలేజీవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. బయటివాళ్ళు వేసినవన్నీ గోదాములోంచి చెరిపించాల్సిందేనన్నారు. నేనే కూర్చుని లిస్టంతా పంపాను. ఎవరివో పేర్లు చూడలేదు, నంబర్లే ఉంటాయి. మొత్తం తీసేశారు. మనకి కొత్తది కొన్నారు. సార్ రోజూ వాడింది ఆ కొత్తదే.” ఆ అమ్మాయి గొంతు తగ్గింది. “నాతో ఒక్కమాట అనుంటే.”

“తీసేసింది ఎప్పుడు?”

భానుశ్రీ వేళ్ళు మడిచి ఆలోచించింది. రిపబ్లిక్ డే సెలవు తరవాతి వారమంది. అప్పటికి సైమన్ రెండో అధ్యాయంలో ఉన్నాడు. దీనమ్మ అధ్యాయాన్ని ఇంకా ముట్టుకోలేదు.