బొట్టు పెట్టి పిలిచిన పగ

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, పక్కనే ఇద్దరు కాలేజీ పిల్లలు కొట్లాడుకుంటున్నారు. "బిర్యానీల లెగ్ పీస్ మొత్తం నువ్వే తిన్నవ్ గదరా, రివెంజ్ ఉంటది చూడు" అంటున్నాడొకడు. రెండోవాడు పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అంత పెద్ద మాటను పాపం కోడికాలికి ఖర్చుపెట్టేశాడు. మా ఇళ్లలో ఇలాంటి మాటలు పొదుపుగా వాడేవాళ్లు. పిల్లలం గిల్లుకుంటే అది బదలా, సాయంత్రానికల్లా చెల్లు. నల్లా దగ్గర బిందె తోసినామెను నాలుగు తిట్టి వస్తే కసి తీరేది. వదినలూ ఆడపడుచులూ కక్ష కట్టేవాళ్లు, ఏదో పెళ్లిలో మళ్లీ కలిసిపోయేవాళ్లు. పగ అన్న మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. దాని అర్థం నాంపల్లిలో మా మేనత్త చూపించింది.

అత్తకు పిల్లల్లేరు. ఒకే వాకిట్లో ఎదురెదురు గదుల్లో అత్తా, ఆమె పెద్ద తోటికోడలూ ఉండేవాళ్లు. తోటికోడలు తన కూతురి శ్రీమంతానికి కుంకుమ భరిణె పట్టుకుని గల్లీలో ప్రతి గడపా ఎక్కింది. మా వైపు ఆడవాళ్లను బొట్టు పెట్టి పిలవకపోతే పిలవనట్టే. అత్త ముఖం కడుక్కుని, కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె అత్తను దాటేసి పక్కింటికి వెళ్లి, వినపడేటట్టే అంది: "గొడ్రాలు ముంగట కూసుంటే నా బిడ్డకు మంచిగుంటదా?" అత్త ఏడవలేదు, తిట్టలేదు. చీర విప్పి, మడతపెట్టి, పెట్టెలో పెట్టేసింది.

ఏళ్లు గడిచాయి. తోటికోడలికి పక్షవాతం వచ్చి నోరూ, కుడివైపూ పడిపోయాయి. చెవులు మాత్రం బాగానే వినేవి. కూతురు ఎక్కడో దూరాన ఉంది, మొగుడు ముసలివాడు. సేవంతా అత్తే నెత్తినేసుకుంది. స్నానం చేయించేది, జావ తాగించేది, పక్కబట్టలు ఉతికేది. గల్లీవాళ్లు దేవత అన్నారు. నేనూ అన్నాను, కొన్నాళ్లు అక్కడ ఉండి కళ్లారా చూసేదాకా. ప్రతి పొద్దునా ఆమె తల దువ్వి, భరిణె తీసి, నుదుట బొట్టు పెట్టి, చెవి దగ్గర మెత్తగా అనేది: "అక్కా, ఇయ్యాల మా ఇంట్ల నా బిడ్డ శ్రీమంతం. తప్పకుండ రావాలె." ఆమె కళ్లనీళ్లు చెవుల్లోకి కారేవి. అత్త కొంగుతో తుడిచి జావగిన్నె అందుకునేది. "ఏందత్తా గిది?" అంటే, "పిలుస్తున్న గదనే. పిలుసుడు గూడ తప్పేనా?" అంది.

నేను తిరిగి వచ్చేసే రోజు, తోటికోడలు ఎడమచేతిని లేపి భరిణెలో వేలు ముంచింది. అత్త నుదుటికేసి చాచింది. ఆనాడు పిలవని పిలుపు, ఇన్నేళ్లకు. అత్త కాస్త వంగితే చాలు. వంగలేదు. ఆ వేలికున్న కుంకుమ తుడిచి, చేతిని దుప్పటి కింద పెట్టేసి, "గొడ్రాలిని గదక్కా, నాకెందుకు?" అంది. ఆ నిమిషాన అత్తంటే నాకు అసహ్యం వేసింది.

కొద్దిరోజులకే తోటికోడలు పోయింది. దినాలయ్యాక నేను వెళ్లేసరికి, అత్త పొద్దున్నే స్నానం చేసి, భరిణె పట్టుకుని ఎదురుగది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల ఖాళీ మంచం. నన్ను చూసి, "ఇగ పొద్దుగాల నేనేం జెయ్యాలెనే?" అంది. పగ తీరిందని చెప్పడానికి మనకు మాట ఉంది. తీరాక కూడా తెల్లవారుతూనే ఉండే పొద్దులకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.