పై ఇంటి తాతగారి శుక్రవారాలు

పై ఇంటి తాతగారు పోయారు. ఎడ్మంటన్‌లో ఆఫీసు నుంచి బస్సులో వస్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళు యూదులు, ఖననానికి ఆలస్యం చేయరు. నాకు ఫ్లైట్ దొరికేలోపే ఖననం అయిపోయింది. ఆ రోజు నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవబుద్ధి కాలేదు.

ఆయన నాకు బంధువు కారు. చదువుకునేటప్పుడు నార్త్ యార్క్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో మేం ముగ్గురు అమ్మాయిలం అద్దెకుండేవాళ్ళం. కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతున్న రోజులవి, గది దొరకడమే గగనం. క్లాసులు అయ్యాక వాన్‌లో వేర్‌హౌస్ షిఫ్టులకు పోయేవాళ్ళం. ప్రాణం ఉసూరుమంటూ ఇంటికొస్తే పైనుంచి రంగుల వాసన పలకరించేది. ఆయన చిత్రకారుడు.

ఆయన గీసినవన్నీ తను పుట్టిన పల్లెలోని యూదుల బతుకు బొమ్మలే. బాతు ఈకలు పీకుతూ కబుర్లాడే ఆడవాళ్ళు, ప్రార్థన మధ్యలో కునుకు తీసే షావుకారు, కొత్త బూట్లు తడవకుండా చేత్తో పట్టుకుని వాగు దాటే పెళ్ళికొడుకు. ఆ పల్లె రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. అంతమంది ఒక్క ముసలాయన తలలో ఇంకా ఈకలు పీకుతూ, కునుకు తీస్తూ ఉన్నారు.

మా వంట ముట్టేవారు కాదు, ఆయన నియమాలు ఆయనవి. పులిహోర తీసుకెళితే గిన్నె దగ్గర ముఖం పెట్టి, వాసన తినొద్దని ఏ శాస్త్రంలోనూ రాయలేదని నవ్వేవారు. శుక్రవారం పొద్దుగూకిందంటే కుంచె ముట్టరు. శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకు విశ్రాంతి దినం, గీత గీయకూడదు. అంతసేపు ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎదుటి మనిషినీ గోడ మీది వెలుగునీ కళ్ళతో తాగుతున్నట్టు చూసేవారు. ఇబ్బందిగా ఉండదా అని అడిగాను.

"గీయడానికి ఆరు రోజులున్నాయమ్మా. చూడ్డానికి ఉన్నది ఈ ఒక్కటే," అన్నారు.

ఆయన బొమ్మల్లో తల్లి చాలాచోట్ల ఉంటుంది. ఎప్పుడూ శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తుల ముందు, రెండు చేతులతో ముఖం కప్పుకునే ఉంటుంది. "ఈ తాత ఏందే, అమ్మకు ముఖమే వెయ్యడు?" అని మా వరంగల్ రూమ్మేట్ వేళాకోళం చేసేది. దీపం వెలిగించాక ఆడవాళ్ళు అలా కళ్ళు మూసుకుని ప్రార్థించడం వాళ్ళ పద్ధతి, అందుకే అనుకున్నాను. ఒకరోజు ఆయనే చెప్పారు. తల్లి ముఖం ఆయనకు గుర్తు లేదు. చేతులే గుర్తున్నాయి. ఊళ్ళోవాళ్ళందరి ముఖాలూ గుర్తుండి కన్నతల్లిదే మరిచిపోయినవాణ్ణి ఏమనాలి అన్నారు. అప్పటికే చూపు మసకబారుతోంది. ఆ ఒక్క బొమ్మా వేయకుండానే పోతానని ఆయన బెంగ.

ఒక శుక్రవారం నన్ను భోజనానికి పిలిచారు. కూతురు కొవ్వొత్తులు వెలిగించి, వెలుగును చేతులతో తన వైపు తీసుకుని కళ్ళు మూసుకుంది. ఆమె ప్రార్థన ముగిశాక, పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన పని నేను చేసేశాను. మంట మీద అరచేతులు చాచి కళ్ళకద్దుకున్నాను. హారతి దగ్గరకు లేచి రాలేని పెద్దవాళ్ళకు మనమే తెచ్చి అద్దుతాం కదా, మళ్ళీ చేతులు వెచ్చచేసుకుని కుర్చీలో ఉన్న తాతగారి కళ్ళకూ అద్దాను. పరాయి ఆడపిల్ల ఆయన్ని తాకకూడదని నాకు తెలియదు. కూతురు ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం కదల్లేదు. నేను చేతులు తీసేసరికి ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

"అమ్మ ఇలాగే పెట్టేది," అన్నారు. "నా కళ్ళ మీద. నేను మరిచిపోలేదు. ఆ చేతుల వెనక ముఖం నాకు కనిపించనేలేదు."

ఆ రాత్రీ మర్నాడంతా ఆయన గీయడానికి వీల్లేదు. ఆ వయసులో, అంత కాలానికి దొరికిన జ్ఞాపకాన్ని ఒట్టి కళ్ళల్లో పట్టుకుని కూర్చున్నారు. జారిపోతుందేమోనని నాకే భయం. నియమం తప్పమని ఎవరు చెప్పగలరు? శనివారం చీకటి పడ్డాక, పైన కుర్చీ ఈడ్చిన చప్పుడు మా బేస్‌మెంట్‌లోకి వినబడింది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ బొమ్మ పూర్తికాకముందే నాకు ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది. సగంలో ఉన్నది ఆయన ఎవరికీ చూపించరు.

మొన్న వెళ్ళాను. ఇంట్లో అద్దాలకు గుడ్డలు కప్పి ఉన్నాయి, సంతాపదినాల్లో వాళ్ళ ఆచారం అది. కూతురు నా చెయ్యి పట్టుకుని ఆయన గదిలోకి తీసుకెళ్ళింది.

ఆ బొమ్మ అక్కడుంది, కాన్వాస్ నిండా రెండు అరచేతులే. చూసేవాళ్ళ మీదికే వస్తున్నాయి. గోళ్ళలో పిండి, మణికట్టు దగ్గర చిన్న కాలిన మచ్చ. వెనకెక్కడో వెలుగుతున్న కొవ్వొత్తి, వేళ్ళ సందుల్లో ఎర్రగా. ముఖం లేదు. దాని ముందు నిలబడ్డాను, కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. కాసేపటికి రెప్పల మీద వెచ్చగా అనిపించింది.