శనివారం పోసిన పిడికిళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎసరు మరిగాక సామలు నేరుగా కుండలో పడేవి కావు. మా నాయనమ్మ ముందుగా అందులోంచి ఒక పిడికెడు తీసి, ఊళ్లో ఎవరిదో ఒకరి పేరు చెప్పి, వాళ్లకోసం ప్రార్థన చేసి, గూట్లో ఉన్న చిన్న వెదురుబుట్టలో వేసేది. ఆదివారం ఆ బుట్ట చర్చికి వెళ్లేది. అక్కణ్నుంచి తిండికి ఇబ్బందిపడే ఇంటికి ఆ గింజలు చేరేవి. అరకు కొండల్లో మా ఊళ్లో పట్టుమని పదిహేను గడపలు కూడా ఉండవు. రెండు వారాలు తిరిగేసరికి అందరి పేర్లూ ఆ బుట్టలో పడేవి.

నాకు పదేళ్లప్పుడు ఆ పని నా చేతికొచ్చింది. కీర్తనలు చూడకుండా చెప్తానని పాస్టరుగారు అందరిముందూ మెచ్చుకుని నాకు కొత్త బైబిలు బహుమతిగా ఇచ్చిన రోజులవి. నా కాళ్లు నేలమీద నిలవలేదు. నెల్లాళ్లు బుద్ధిగానే చేశాను. ఆ తర్వాత విసుగు పుట్టింది. ఇన్ని కీర్తనలు నోటికొచ్చిన పిల్లను, నాకింకేం తక్కువ అనుకున్నానో ఏమో, వారమంతా ఊరుకుని శనివారం సాయంత్రం ఎవరి పేరూ చెప్పకుండా గ్లాసుతో నాలుగుసార్లు ముంచి పోసేసేదాన్ని. నిజం చెప్పొద్దూ, బుట్ట మునుపటికంటే నిండుగానే ఉండేది.

అప్పుడే పక్కింటి అక్క కొడుక్కి జ్వరం పట్టుకుంది. ఏడాది నిండని పసివాడు. ఆసుపత్రి మందు పోస్తున్నా రోజు విడిచి రోజు ఒళ్లు కాలిపోయేది. ఊటకి నీళ్లకెళ్తూ అక్క మా గుమ్మం దగ్గర ఆగేది.

"ఏటే గుంటా, మా వోడి పేరు సెప్పి ఏసేవా?"

"ఏసేనక్కా" అనేదాన్ని, తల ఎత్తకుండానే.

మూడో ఆదివారం చర్చినుంచి వచ్చేసరికి అక్క మా అరుగుమీద కూర్చుని ఉంది. ఒళ్లో పిల్లాడు, పక్కన అనాసపండు. నాలుగు రోజులుగా జ్వరం రాలేదట, పాలు బాగా తాగుతున్నాడట. "నీ పిడికిలే కాపాడింది నా తల్లీ" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

అక్క వెళ్లాక నాయనమ్మ పండు కోసి మొదటి ముక్క నాకే ఇచ్చింది. ముక్క పక్కన పెట్టేశాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. బుట్ట శుక్రవారం దాకా ఖాళీగా ఉండటం మొదటి వారమే చూసిందట. లేచి వెళ్లి, దూలానికి వేలాడుతున్న గుడ్డమూట దించి విప్పింది. అందులో సామలున్నాయి. ఆ మూడు వారాలూ తను తినే వాటాలోంచి పూటకో పిడికెడు తీసిపెట్టింది.

"పొద్దుటిది ఆడికి" అంది. "సందేళది నీకు."

నాకెందుకు, నాకేం జ్వరం లేదుగా అన్నాను.

"ఆడికి ఒళ్లు కాలిపోతంది. నీకు లోపల సల్లారిపోతంది. నాకు రెండూ బయమేనే."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ నా తల నిమిరి, మూట నా ఒళ్లో పెట్టి, పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఆ పిల్లాడు ఇప్పుడు కాఫీతోట ఉన్న పెద్దమనిషి. నా ఇంట్లో గ్యాసు పొయ్యి, కుక్కరు, కోటా బియ్యం. పిడికిలి మాత్రం తప్పలేదు. కానీ చెయ్యి అలవాటుకొద్దీ డబ్బాలోకి వెళ్లి, ఎవరి పేరూ లేకుండానే బియ్యం తీసుకొచ్చే పూటలు ఈ వయసులోనూ ఉన్నాయి. అలాంటప్పుడు ఆ బియ్యం వెనక్కి పోసేసి, స్టౌ కట్టేస్తాను. అప్పుడు ముందు నా పేరే చెప్పి, మళ్లీ పిడికెడు తీస్తాను.