మిషను బిగించడానికి వచ్చిన ఇద్దరు

మొన్న ఆదివారం పొద్దున్న మా అల్లుడు ఇడ్లీ తింటూ ఫోనులో ఏదో ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని గోంగూర ఆకు తుంచుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆ ఫోనులోంచి వేలమంది గొంతు కలిపి "ఊ... ఊ... ఊ..." అని అరిచారు. సంబరం కాబోలు అనుకున్నాను. ఏంటి బాబూ ఆ గోల అని అడిగితే, అది ఇటలీలో ఆటని, ఒక నల్లజాతి కుర్రాడి కాలికి బంతి అందినప్పుడల్లా జనం కోతిలా కూస్తున్నారని, అక్కడ ఇది మొదటిసారేమీ కాదని చెప్పి, మొహం చిట్లించుకుని ఫోను బోర్లించాడు. ఆ కూత నేను ఇదివరకే విన్నాను. పాతికేళ్ళ కిందట, రావులపాలెంలో మా మేనమామగారి భోజనాల బల్ల దగ్గర, నాకు రెండు మూరల దూరంలో కూర్చున్న ఒక పెద్దమనిషి అచ్చం అలాగే కూశాడు. నేను నవ్వాను కూడా.

మా మావయ్యకి ఊరికే కూర్చోవడం చేతకాదు. కొన్నాళ్ళు కడియంలో నర్సరీ పెట్టి, ఎవరూ కొనని క్రోటన్లన్నీ ఆయనే కొని తెచ్చి పెంచాడు. తరవాత సిమెంటు ఇటుకలన్నాడు. అవి వానకి కరిగాయని ఊళ్ళో చెప్పుకునేవారు, అంత అన్యాయం కాదు గాని కొంచెం నిజమే. ఆఖరికి అరటిపళ్ళ మీద పడ్డాడు. రావులపాలెం మార్కెట్టులో గెలలు కొండల్లా పోసి ఉంటాయి, లారీ ఒక పూట ఆలస్యమైతే సగం మెత్తబడిపోతాయి. వాటిని గుజ్జు చేసి డబ్బాల్లో పోసి అమ్మితే బాగుంటుందని ఆయనకి తోచింది. గుజ్జు తీసి ఉడికించే మిషను ఇటలీ నించి తెప్పించాడు. పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో అది దిగాక, బిగించడానికి అక్కణ్ణించి ఇద్దరు ఇంజనీర్లు వస్తున్నారని కబురొచ్చింది. నేను అప్పటికి రాజమండ్రిలో ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ఎండాకాలం సెలవులు. మావయ్య ఫోను చేసి, నీ ఇంగ్లీషు పరీక్ష పేపర్లు దిద్దడానికేనా, ఇంటి పనికి కూడా పనికొస్తుందా అని అడిగాడు. వెళ్ళాను. ఇటలీ వాళ్ళని చూడొచ్చన్న సరదా కూడా లేకపోలేదు.

రాజమండ్రి స్టేషనుకి కారులో వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఇద్దరొస్తున్నారు కదా అని మావయ్య రెండు బంతిపూల దండలు కట్టించాడు. మెడ్రాసు మెయిలు ఆగింది. ముందు ఒక పెద్దాయన దిగాడు. యాభై దాటిన మనిషి, ఎర్రగా, నెరిసిన ఉంగరాల జుట్టుతో, దిగుతూనే రెండు చేతులూ జోడించాడు. వెనక రెండు సూట్‌కేసులూ, పనిముట్ల పెట్టె, భుజాన ఒక సంచీ మోసుకుంటూ నల్లటి పొడుగాటి మనిషి దిగాడు. మావయ్య మొదటి దండ పెద్దాయన మెడలో వేశాడు. రెండో దండ చేతిలో పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించి, అది కూడా ఆయన మెడలోనే వేసేశాడు. రెండో మనిషి సామాన్లు కిందపెట్టి, కాస్త తల వంచి ఉన్నవాడు మెల్లిగా తల ఎత్తాడు. తనకీ దండ వేస్తారని వంచాడని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి, కారు ఎక్కడుందో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

ఆ పెద్దాయన్ని ఇంటిల్లిపాదీ దొరగారనే పిలిచేవాళ్ళం. దుర్మార్గుడిలా కనిపించి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అలా కనిపించడు. పెసరట్టు చేత్తో తిని వేళ్ళు నాక్కునేవాడు. మా అత్తయ్యని "మమ్మా" అని పిలిచేవాడు, ఆవిడ పొంగిపోయి ఇంకో గరిటె నెయ్యి వేసేది. ధవళేశ్వరం తీసుకెళ్తే బ్యారేజీ మీద కారాపించి, టోపీ తీసి చేత పట్టుకుని, ఇంత నీళ్ళు ఒకచోట చూసి ఎన్నాళ్ళయిందోనని కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రాలు వాళ్ళ భాషలో పాడేవాడు, గొంతు బాగుండేది. అలాంటి మనిషి, వచ్చిన రోజునే, మేడ మీద పక్కపక్కన సర్ది ఉంచిన రెండు గదులూ చూసి నన్ను పక్కకి పిలిచాడు. తన అసిస్టెంటుతో ఒక కప్పు కింద పడుకోవడం తనకి అలవాటు లేదని, వాళ్ళ దగ్గర వాసన వస్తుందని, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని చూపించాడు. నేను దాన్ని మర్యాదైన తెలుగులోకి మార్చి మావయ్యకి చెప్పాను. రెండో మనిషికి ఫ్యాక్టరీలో గోనెసంచులు పెట్టే గదిలో మడతమంచం వేశారు.

భోజనాల దగ్గర నా అవసరమే రాలేదు. దొరగారికి పండగలకి తీసే వెండి కంచం, రెండో అతనికి వెనక వసారాలో అరిటాకు. అత్తయ్యకి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అనువాదం చెయ్యలేదు. ఆ భాష మా ఇంట్లో అందరికీ ముందే వచ్చు. పాలేరుకి వసారా, పెద్దమనిషికి బల్ల, మధ్యలో గడప. నేనూ అందులో పెరిగినదాన్నే. పైగా నేను చామనచాయకంటే ఒక మెట్టు తక్కువ, చిన్నప్పుడు ఇదే అత్తయ్య శనగపిండీ పసుపూ కలిపి నలుగు పెట్టి నా ఒళ్ళు చెక్కేసినంత పని చేసేది. ఏమన్నా తెల్లబడ్డానేమోనని ప్రతి వారం వెలుగులోకి తీసుకెళ్ళి చూసేది. ఆ నలుగు మంట మరిచిపోని దాన్ని, అరిటాకు వసారాలోకి వెళ్తుంటే ఊరుకున్నాను.

రెండో అతని పేరు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఒక్కరూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడిక్కడ రాసి మంచిదాన్ననిపించుకోను. దొరగారు అతన్ని ఒక పొట్టి మాటతో పిలిచేవాడు. దానికి అర్థం ఏంటని అడిగితే ముద్దుపేరన్నాడు. ముద్దుపేరు కాదని అతనే తరవాత చెప్పాడు. అతనిది ఆఫ్రికాలో సెనెగల్ దేశం, తండ్రి సముద్రంలో చేపలు పట్టేవాడట. పందొమ్మిదో ఏట ఇటలీ వెళ్ళి, టమాటా చేలల్లో కూలి చేసి, ఫ్యాక్టరీలో మిషన్లు కడిగి, రాత్రి బడిలో చదువుకుని ఆ మిషన్లే విప్పి బిగించడం నేర్చుకున్నాడు. ఇంగ్లీషు దొరగారికంటే బాగా మాట్లాడేవాడు. నేను నోటుబుక్కుతో పక్కన కూర్చుంటే, బోల్టులు బిగిస్తూ అక్కడి సంగతులు చెప్పేవాడు. బస్సులో తన పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వెళ్తారట. గది ఖాళీ ఉందని ఫోనులో చెప్పిన వాళ్ళే, మొహం చూశాక ఇప్పుడే ఇచ్చేశామంటారట. మెట్లెక్కలేకపోతున్న ఒక ముసలావిడకి చెయ్యి అందిస్తే ఆవిడ చేతిసంచీ గుండెలకి హత్తుకుందట. ఇవన్నీ వానాకాలం దోమల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. మంచివాళ్ళూ ఉన్నారండి, నాకు గదిచ్చిన ఆవిడ ఆదివారం సూపు పంపిస్తుంది అని కూడా చెప్పేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే అక్కడ ఉండే కాగితాలుంటాయని, ఆ కంపెనీ వాళ్ళు ఉత్తరమిస్తేనే అవి మళ్ళీ రాసిస్తారని అతను చెబితేనే నాకు తెలిసింది.

ఫ్యాక్టరీలో అతనికి ఒక్కడే స్నేహితుడు, బాయిలరు చూసే మనిషి. నలభై అయిదేళ్ళవాడు, ఇంగ్లీషు ముక్క రాదు. ఇతన్ని "తమ్ముడూ" అని పిలిచేవాడు. అది బాయిలరు అతని పేరే అనుకుని ఇతనూ "తమ్ముడూ" అని పిలిచేవాడు. వయసులో అంత చిన్నవాడు తమ్ముడూ అంటుంటే కూలీలంతా పడి పడి నవ్వేవారు. బాయిలరు అతను మాత్రం ఠీవిగా పలికేవాడు. మధ్యాహ్నం తన క్యారేజీలో అన్నం ఇద్దరూ పంచుకుని తినడం చూశాక, వసారాలో ఆకు ఎందుకు మిగిలిపోతోందో అర్థమైంది.

ఇక ఆ కూత. ఒక మధ్యాహ్నం దొరగారు భోంచేస్తుండగా సెనెగల్ అతను ఏదో కాగితం మీద సంతకం కోసం లోపలికి వచ్చాడు. బల్ల మీద చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఉంది. అత్తయ్యకి ఏం దయ పుట్టిందో, ఒక పండు తుంచి అతనికి అందించింది. అతను చెయ్యి చాచాడు. దొరగారు కుర్చీలో వెనక్కి వాలి, చంకలు గోక్కుంటూ "ఊ... ఊ... ఊ..." అని కూశాడు. మావయ్య పకపకా నవ్వాడు. అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వానని చెప్పాను కదా. నా నవ్వులో దంతాలు కనపడలేదు, అంతే తేడా. అతను పండు తీసుకుని, థాంక్స్ చెప్పి, సంతకమయ్యేదాకా నిలబడి, వెళ్ళిపోయాడు. దొరగారు వెండి కంచంలో పెరుగు కలుపుకుంటూ, నేనేమీ జాతిభేదం చూసేవాణ్ణి కాదు, వీడికి పని ఇచ్చిందే నేను, వాళ్ళ చోట వాళ్ళుంటే బంగారంలాంటివాళ్ళు అని నాతో అన్నాడు. అది కూడా మావయ్యకి తెలుగులో చెప్పాను. నిజమే పాపం అన్నాడు మావయ్య.

మిషను మొదటిసారి నడిపే రోజున ఊళ్ళో పెద్దలందర్నీ పిలిచారు. షామియానా, కుర్చీలు, కొబ్బరికాయలు. ఆవిరి గొట్టాలు ఒకసారి వేడెక్కి చల్లారాక అతుకుల దగ్గర మళ్ళీ బిగించాలట. అతను నా దగ్గరికి వచ్చి, ఇంకో గంట ఆగమని మీ మావయ్యకి చెప్పండి, పై అతుకు వదులుగా ఉంది అన్నాడు. నేను దొరగారి వైపు చూశాను. ఆయన గడియారం చూపించి, అక్కర్లేదని చెయ్యి ఊపాడు. నేను మావయ్యకి ఆ మాట చేరవెయ్యలేదు. దొరగారు తనే వెళ్ళి ఆవిరి వదిలే చక్రం తిప్పాడు.

కాసేపు బాగానే ఉంది, చప్పట్లు కూడా కొట్టారు. తరవాత పై అతుకు ఊడింది. కుతకుతలాడే గుజ్జు పిచికారీలా బాయిలరు అతని మీదికి చిమ్మింది. అందరం బయటికి పరిగెత్తాం, దొరగారితో సహా. లోపలికి పరిగెత్తింది సెనెగల్ అతనొక్కడే. బాయిలరు అతన్ని నడుం పట్టుకుని ఇవతలికి లాగి, వెనక్కి వెళ్ళి చక్రం మూశాడు. మూసేసరికి అతని ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. బాయిలరు అతనికి భుజం, మెడ.

ఆస్పత్రి నించి తిరిగొచ్చాక, సాయంత్రం ఆఫీసు గదిలో దొరగారు మావయ్య ముందు కూర్చుని, అతుకు బిగించడం మరిచిపోయింది ఇతనేనని, వీళ్ళతో ఇదే బాధని, రేపే పంపించేస్తానని చెప్పి, నన్ను తెలుగులో చెప్పమన్నాడు. చేతికి కట్టుతో అతను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చెప్పాను. మావయ్య అంతా విని నా వైపు తిరిగాడు.

"నువ్వక్కడే ఉన్నావు కదే. ఏం జరిగింది?"

"నేను సరిగ్గా చూళ్ళేదు మావయ్యా."

అతనికి తెలుగు రాదు. తర్జుమా అడగలేదు.

మర్నాడు అతన్ని బస్సెక్కించారు. నేను కూడా రాజమండ్రి వెళ్ళాలని సాకు చెప్పి అదే బస్సెక్కాను. అతని పక్క సీటు ఖాళీగా ఉంది. జనం నిలబడే ఉన్నారు. ఇటలీలో కాదు, రావులపాలెం బస్సులో. నేను వెళ్ళి కూర్చున్నాను, అదేదో ఘనకార్యంలాగ. గౌతమి వంతెన దాటాక, నేను చూశానని, చూసి కూడా చెప్పలేదని ఇంగ్లీషులో అన్నాను. తెలుసన్నాడు. సంచీలోంచి కాగితం తీసి కుడిచేత్తో కంపెనీ చిరునామా రాసిచ్చాడు.

"ఒక్క ఉత్తరం రాయండి మేడమ్. మీరు టీచరు, మీ మాట నమ్ముతారు. నా కాగితాల గడువు రెండు నెలల్లో అయిపోతుంది."

రాస్తానన్నాను. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. ఆ ఉత్తరం సంగతి మావయ్యకి చెప్పకుండా రాయడం బాగుండదనిపించి, ఆ వారంలోనే వెళ్ళి జరిగినదంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసే. బాయిలరు అతను ఆ సాయంత్రమే ఆస్పత్రి మంచం మీంచి చెప్పాడు. ఆ తమ్ముడు ఆగమన్నాడండి, దొరే తిప్పాడండి, నా కళ్ళతో చూశానండి అని. నోరు మూసుకోమన్నాను. విరిగిన సామాన్లు మళ్ళీ పంపాలంటే దొర సంతకం కావాలి. అవి రానీ, తరవాత రాద్దువుగాని."

ఒళ్ళు కాలి, మెడ తిప్పలేని మనిషి ఉద్యోగమిచ్చిన యజమానికి నిజం చెప్పాడు. రెండు డిగ్రీలున్న నేను చూళ్ళేదన్నాను. ఇది తెలిశాక కూడా నేను వెంటనే రాయలేదు. సామాన్లు రానీ అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. సామాన్లతో పాటు దొరగారూ మళ్ళీ వచ్చాడు. దండలు, వెండి కంచం, పాటలు. మాటలు తిప్పిచెప్పడానికి రమ్మంటే స్కూల్లో పరీక్షలున్నాయని చెప్పాను. అబద్ధం అప్పటికి బాగానే అలవాటైంది. ఆయన వెళ్ళిపోయాక ఉత్తరం రాసి పోస్టు చేశాను. కంపెనీ నించి మంచి కాగితం మీద జవాబు వచ్చింది. మీ శ్రద్ధకి కృతజ్ఞతలు, ఆ వ్యక్తి ఇప్పుడు మా దగ్గర పనిచెయ్యడం లేదు, ఎక్కడున్నాడో మాకు తెలియదు అని.

బాయిలరు అతను కోలుకుని చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాడు. కనిపించినప్పుడల్లా, తమ్ముడి కబురేమన్నా తెలిసిందా అమ్మగారూ అని అడిగేవాడు, ఆఖరిసారి కనిపించినప్పుడు కూడా. మావయ్య పోయాడు, ఫ్యాక్టరీ చేతులు మారింది. అత్తయ్య ఇప్పటికీ దొరగారెంత మంచివారో చెప్పుకుంటుంది. ఆ మనిషిని తలుచుకుంటే నాకు అసహ్యం వేస్తుంది, కాని ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు. నా అసహ్యానికి ఇక్కడ మిగిలింది నేనే. ఆ ఉత్తరం రాయడానికి ఒక పూట పట్టింది. రాయకుండా నాలుగు నెలలు కూర్చున్నాను. పాతికేళ్ళు ఎటు పోయాయో తెలియదు గాని, ఆ నాలుగు నెలలు మాత్రం నాకింకా గడవలేదు.